ఒంటి మీద మచ్చో పొక్కో కనపడితే ఏం చూడాలి, ఏం రాయాలి

దురద మొదలవగానే మనం ముందు వెతికేది ఇంట్లో ఏదైనా ట్యూబు ఉందా అని. ఎవరికో ఎప్పుడో డాక్టర్ రాసిన క్రీము సగం మిగిలి ఉంటుంది, లేదా తెలిసినవాళ్ళు "ఇది రాయి, రెండ్రోజుల్లో పోతుంది" అని ఒక పేరు చెప్తారు, అది తెచ్చి రాసేస్తాం. నిజంగానే రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది కూడా. అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి. అలా చప్పున దురద తగ్గించే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది దురదని నొక్కేస్తుందే గానీ ఆ దురద తెప్పించిన ఫంగస్‌నీ పురుగునీ ఏమీ చేయదు, పైగా మచ్చ ఆకారాన్నే మార్చేస్తుంది, ఆ తర్వాత డాక్టర్ చూసినా ఇదేంటో ఒక పట్టాన తేలదు. అందుకే ఇక్కడ మందుల పేర్ల కంటే ముందు చూడటం గురించి ఎక్కువ చెప్తాను. మామూలుగా వచ్చే చర్మ సమస్యల్లో చాలావాటిని తీరిగ్గా చూస్తే మనమే గుర్తుపట్టొచ్చు.

ముందు పగటి వెలుతురులోకి రండి

కిటికీ దగ్గర నిలబడి చూడండి, రాత్రి లైటు కింద రంగులు సరిగా తెలియవు. మొదట చూడాల్సింది అది ఎక్కడ వచ్చిందని. మడతల్లోనా, గజ్జల్లోనా, వేళ్ళ సందుల్లోనా, ఎండ తగిలే చోటా, వాచీ బెల్టు ఆనే చోటా. తర్వాత అంచు. గీత గీసినట్టు స్పష్టంగా ఉందా, చుట్టూ ఉన్న చర్మంలోకి మెల్లగా కలిసిపోతోందా. వేలితో తడిమితే గరుగ్గా పొట్టు రాలుతోందా, నున్నగా ఉబ్బి ఉందా, వేడిగా ఉందా, అసలు స్పర్శ తెలుస్తోందా. ఎప్పుడు దురద పెడుతోంది, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా. ఈ చివరి ప్రశ్న చాలామంది వేసుకోరు, కానీ గజ్జి లాంటి జబ్బుని సగం పట్టిచ్చేది అదే.

ఇంకో సంగతి. ఫోటోల్లో, పుస్తకాల్లో "ఎర్రని మచ్చ" అని రాసి ఉండేది ఎక్కువగా తెల్లటి చర్మాన్ని చూసి రాసింది. చామనఛాయ, నల్లటి చర్మం మీద అదే వాపు ముదురు గోధుమ రంగులోనో, ఊదాగానో, కొంచెం బూడిదగానో కనపడుతుంది, ఒక్కోసారి రంగు తేడా తెలియనే తెలియదు. కాబట్టి ఎరుపు కోసం వెతక్కండి, వేడి, ఉబ్బు, నొప్పి, పొట్టు, వీటిని చూడండి. మొదటి రోజే పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి ఉంచుకుంటే పెరుగుతోందో తగ్గుతోందో తర్వాత వాదన ఉండదు.

గుండ్రంగా, అంచు పైకి లేచి ఉంటే తామర

ఇది ఫంగస్. చిన్న మచ్చగా మొదలై బయటికి పాకుతూ పోతుంది, మధ్యలో చర్మం కాస్త మామూలైనట్టు కనపడుతుంది, అంచు మాత్రం ఉబ్బెత్తుగా, పొట్టు రాలుతూ, అక్కడక్కడా చిన్న చిన్న పొక్కులతో ఉంటుంది. దురద ఎక్కువ, చెమట పట్టినప్పుడు మరీ ఎక్కువ. గజ్జల్లో, నడుము దగ్గర బెల్టు బిగించే చోట, చంకల్లో, రొమ్ముల కింద, పిరుదుల మీద ఎక్కువగా వస్తుంది. కాలి వేళ్ళ సందుల్లో, ముఖ్యంగా చిటికెన వేలి పక్కన, చర్మం తెల్లగా నాని ఊడిపోతూ వాసన వస్తుంటే అదీ ఈ కుటుంబానిదే.

క్లోట్రిమజోల్, మైకోనజోల్, టెర్బినఫిన్, ఇలాంటి ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము తీసుకోండి. ఒళ్ళు కడిగి పూర్తిగా ఆరాక రాయాలి, మచ్చ మీదే కాకుండా అంచు దాటి ఇంకో 2 సెంటీమీటర్ల వరకు, ఎందుకంటే పాకుతున్న ఫంగస్ కంటికి కనపడే గీతకి బయట కూడా ఉంటుంది. క్లోట్రిమజోల్ అయితే రోజుకి రెండు మూడు సార్లు, మచ్చ పోయినట్టు కనపడ్డాక కూడా ఇంకో రెండు వారాలు. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. నాలుగో రోజుకి దురద పోతుంది, పదో రోజుకి మచ్చ పల్చబడుతుంది, ట్యూబు పక్కన పడేస్తారు, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది, అప్పుడు "ఈ మందు పనిచేయదు" అంటారు.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉన్న మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది కనపడినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములు కూడా ఉంటాయి, పేరుకి అన్నిటికీ ఒకటే మందు, నా మటుకు నాకు వాటిని ఇంట్లో ఉంచుకోవడమే నచ్చదు. తామర మీద అవి రాస్తే ముందు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది, ఆపగానే రెట్టింపై లేస్తుంది. గుండ్రటి ఆకారం పోయి చెల్లాచెదురుగా పరుచుకుంటుంది. గజ్జల్లాంటి పల్చటి చర్మం మీద నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు పోవు. ఇప్పటికే అలాంటిది వాడుతూ ఉంటే మీ అంతట మీరు కొత్త మందు మొదలుపెట్టకుండా డాక్టర్‌కి చూపించడం మేలు.

తువ్వాలు, లోదుస్తులు, దుప్పటి ఎవరివి వాళ్ళవే ఉండాలి, వేడినీళ్ళలో ఉతికి ఎండలో బాగా ఆరేయాలి. ఇంట్లో ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి వాడాలి. ఇంట్లో పిల్లికో కుక్కకో వెంట్రుకలు ఊడి గుండ్రంగా మచ్చలు ఉన్నాయేమో చూడండి, వాటి నుంచి కూడా అంటుకుంటుంది. తలలో వచ్చి జుట్టు ఊడుతున్నా, గోరు మందమై పసుపు రంగుకి తిరిగి పొడిపొడిగా రాలుతున్నా పై పూతలతో పోదు, మాత్రలు వాడాలి. ఈమధ్య టెర్బినఫిన్‌కి లొంగని తామర కూడా చాలా చోట్ల కనపడుతోంది కాబట్టి నాలుగు వారాలు సక్రమంగా రాసినా మార్పు లేకపోతే ట్యూబు మార్చుకుంటూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని దురద

పగలు ఎలాగో గడిచిపోయి, దుప్పటి కప్పుకున్నాక దురద విజృంభిస్తుంటే, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే ముందు గజ్జిని అనుమానించండి. చర్మం పై పొరలో కంటికి ఆనని పురుగు సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు లోపలి వైపు, మోచేతులు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, ఆడవాళ్ళకి రొమ్ముల మీద, మగవాళ్ళకి జననాంగం మీద చిన్న చిన్న పొక్కులు వస్తాయి. వేళ్ళ సందుల్లో జాగ్రత్తగా చూస్తే కొన్ని మిల్లీమీటర్ల పొడవున వంకరగా సన్నటి గీత, దాని చివర ఒక చుక్క కనపడొచ్చు. పెద్దవాళ్ళకి మొహం మీదా తలలోనూ సాధారణంగా రాదు, చంటిపిల్లలకి మాత్రం అరచేతుల్లో, అరికాళ్ళలో, తల మీద కూడా వస్తుంది.

మొదటిసారి అంటుకున్నవాళ్ళకి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అంటే దురద లేనివాళ్ళ ఒంటి మీద కూడా పురుగు ఉండొచ్చు, వాళ్ళకి తెలియదు. అందుకే ఇంట్లో దురద ఉన్నా లేకపోయినా అందరూ అదే రాత్రి మందు రాసుకోవాలి, ఒక్కరిని వదిలేసినా కథ మళ్ళీ మొదటికొస్తుంది.

సాధారణంగా వాడేది పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. పడుకునే ముందు చల్లటి, పొడి ఒంటికి మెడ నుంచి అరికాళ్ళ దాకా రాయాలి, పొక్కులున్న చోట మాత్రమే కాదు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు లోపల, పిరుదుల మధ్య, వీపు, ఏదీ వదలకూడదు, వీపుకి ఎవరినైనా రాయమనండి. పెద్దవాళ్ళకి ఒకసారికి 30 గ్రాములు దాదాపు సరిపోతాయి. 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున స్నానం చేయాలి, మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకి మళ్ళీ రాసుకోవాలి. వారం తర్వాత ఇంకోసారి ఇదంతా చేయాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చంటిపిల్లల విషయంలో మాత్రం డాక్టర్‌ని అడిగి వాడండి, పిల్లలకి తలకీ మొహానికీ కూడా రాయాల్సి ఉంటుంది. మందు రాసిన మర్నాడు పక్క దుప్పట్లు, దిండు గలీబులు, గత మూడు నాలుగు రోజులు తొడిగిన బట్టలు వేడినీళ్ళలో ఉతకండి. ఉతకలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టేస్తే చాలు, మనిషి ఒళ్ళు లేకుండా ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

ఇక టెన్షన్ పెట్టే సంగతి ఒకటుంది. పురుగులన్నీ చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, చర్మంలో మిగిలిన వ్యర్థాలకి ఒళ్ళు స్పందిస్తూ ఉంటుంది కాబట్టి. తగ్గలేదనుకుని రోజూ పెర్మెత్రిన్ రాసుకుంటే చర్మం మండిపోయి ఇంకా దురద పెరుగుతుంది. రాత్రి పూట దురద తగ్గించే సెట్రిజిన్ మాత్ర ఒకటి, మామూలు మాయిశ్చరైజర్‌తో నెట్టుకురండి. కొత్త పొక్కులు వస్తున్నా, నాలుగు వారాలు దాటినా అప్పుడు మళ్ళీ చూపించుకోవాలి.

పొడిబారి, గరుకుబారి, మడతల్లో వచ్చేది

మోచేతి మడతలోనో మోకాలి వెనకో చర్మం పొడిగా, గరుగ్గా, దురదగా ఉండి, అంచు స్పష్టంగా లేకుండా, ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉంటే అది ఎగ్జిమా. ఇంట్లో ఎవరికైనా ఆస్తమానో, తుమ్ములతో కూడిన ఎలర్జీయో ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. దీనికి మొదటి మందు మాయిశ్చరైజర్, అదీ వేలికి కొంచెం అద్దుకుని రాసేది కాదు, ధారాళంగా, రోజుకి రెండు మూడు సార్లు, స్నానం చేసి తుడుచుకున్న కొద్ది నిమిషాల్లోనే చర్మం ఇంకా తేమగా ఉండగా రాయాలి. సువాసన లేనిది తీసుకోండి. మరీ వేడినీళ్ళు, ఘాటైన సబ్బు మానేయాలి.

ముదిరినప్పుడు స్టెరాయిడ్ క్రీము కావలసింది ఇక్కడే, ఇందాక నేను తిట్టిన మందే ఇక్కడ సరైన మందు. హైడ్రోకార్టిసోన్ 1 శాతం లాంటి తేలికరకం కొద్ది రోజులు వాడితే భయమేమీ లేదు, అంతకంటే గట్టివి డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి. ఎంత రాయాలో తెలియకపోతే ఒక లెక్క ఉంది. చూపుడువేలి చివర నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది, అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి, వేళ్ళతో సహా, సరిపోతుంది.

మచ్చ ఆకారం ఒక వస్తువు ఆకారంలో ఉంటే ఆ వస్తువే దోషి. బొడ్డు కింద ప్యాంటు బొత్తం ఆనే చోట, చెవి తమ్మెకి దిద్దు దగ్గర, మణికట్టు చుట్టూ పట్టీలా, ఇవి చాలాసార్లు నికెల్ అనే లోహం పడక వచ్చే ఎలర్జీ. జుట్టుకి రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకి నుదుటి అంచున, చెవుల వెనక దురద, వాపు వస్తే ఆ రంగు మళ్ళీ జన్మలో వాడొద్దు, రెండోసారి మొదటిసారి కంటే తీవ్రంగా వస్తుంది. ఎన్ని క్రీములు రాసినా ఆ వస్తువు ఒంటిని తాకుతున్నంత కాలం తగ్గదు.

తెల్లమచ్చ కనపడగానే భయపడకుండా మూడు పరీక్షలు

ఛాతీ మీద, వీపు మీద, మెడ మీద లేత రంగు మచ్చలు, ఒకదాన్లో ఒకటి కలిసిపోయినట్టు, గోటితో మెల్లగా గీరితే సన్నటి పొట్టు రాలేలా ఉంటే అవి శోభి మచ్చలు. చర్మం మీద అందరికీ ఉండే ఒక రకం ఈస్ట్ చెమటకి మితిమీరి పెరగడం వల్ల వస్తాయి, ప్రమాదం లేదు, అంటుకోవు. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ ఒంటికి రాసి ఐదు నిమిషాలుంచి కడిగేస్తూ కొద్ది రోజులు చేస్తే పోతాయి. పొట్టు పోయాక కూడా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఈలోపు మందు పనిచేయలేదని అనుకోకండి.

పొట్టు అసలు లేదు, మచ్చ లేత రంగు కాదు, పాలలా తెల్లగా ఉంది, స్పర్శ మామూలుగానే ఉంది, అయితే బొల్లి అయ్యుండొచ్చు. ఇదీ అంటుకోదు. మొదట్లోనే చూపిస్తే వైద్యానికి బాగా స్పందించే అవకాశం ఎక్కువ.

మూడోది ముఖ్యం. కళ్ళు మూసుకోమని, దూది పీచుతో మచ్చ మీద ఒకసారి, పక్కన మామూలు చర్మం మీద ఒకసారి మెత్తగా తాకి, తగిలిన చోట వేలు పెట్టమనండి. మచ్చ మీద తాకినప్పుడు తెలియకపోతే, లేదా అక్కడ వెంట్రుకలు రాలిపోయి చెమట పట్టకుండా ఉంటే, వెంటనే కుష్ఠు పరీక్ష చేయించాలి. మచ్చ లేత రంగులోనే కాకుండా రాగిరంగులో కూడా ఉండొచ్చు. మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా 1995 నుంచి ఉచితంగా అందుతున్నాయి, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే పూర్తిగా నయమవుతుంది, మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకి సోకే అవకాశం దాదాపు పోతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతింటాయి, ఆ నష్టం మందులతో తిరిగి రాదు. సిగ్గుపడి దాచుకునే జబ్బు కానే కాదు ఇది.

దద్దుర్లు

దోమ కుట్టినట్టు ఉబ్బి, విపరీతమైన దురదతో, ఒక చోట మాయమై ఇంకో చోట లేస్తుంటాయి. గుర్తుపట్టే చిట్కా చాలా తేలిక, ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీసి టైమ్ రాసుకోండి. 24 గంటల్లోపు ఆ గీతలోపలి ఉబ్బు జాడ లేకుండా పోతే అవి మామూలు దద్దుర్లే, పెద్దవాళ్ళకి రోజుకి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు గానీ లోరాటడిన్ 10 మిల్లీగ్రాములు గానీ సరిపోతుంది. సెట్రిజిన్ కొందరికి మత్తు తెస్తుంది, వేసుకుని బండి నడపొద్దు. కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు, తిన్నవి, ఈమధ్య వచ్చిన జ్వరం, పురుగు కాటు, ఇవన్నీ ఒకసారి గుర్తుచేసుకోండి, చాలాసార్లు కారణం దొరకదు, దొరక్కపోయినా ఆరు వారాల్లోపు చాలామందికి దానంతటదే ఆగిపోతుంది. అదే ఉబ్బు 24 గంటలు దాటి అక్కడే ఉండి, నొప్పి పెట్టి, పోయాక గాయంలా నల్లమచ్చ వదిలితే వేరే సంగతి, చూపించాలి.

పెదవులో నాలుకో వాస్తున్నా, గొంతు బిగుసుకున్నా, ఆయాసమొచ్చినా, కళ్ళు తిరిగినా సెట్రిజిన్ వేసి చూద్దామని ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. అది ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ, అంబులెన్స్ పిలవాలి.

చీము, పొక్కులు

చెమటకాయల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చెమట నాళాలు మూసుకుపోవడం వల్ల వస్తాయి, గాలి తగలనిచ్చి, వదులు బట్టలు తొడిగి, చల్లటి నీళ్ళతో స్నానం చేసి కాలమిన్ రాస్తే పోతాయి, జిడ్డు నూనెలు రాస్తే ఇంకా మూసుకుపోతాయి.

సెగ్గడ్డకి గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు కాపడం పెట్టండి, మెత్తబడి దానంతటదే పగులుతుంది. పిండొద్దు, సూదితో పొడవొద్దు, ముక్కు చుట్టూ, పై పెదవి మీద ఉన్నవాటిని అసలు ముట్టుకోవద్దు, అక్కడి రక్తనాళాలు లోపలికి కలుస్తాయి కాబట్టి చీము లోపలికి పాకే ప్రమాదముంది. మళ్ళీ మళ్ళీ సెగ్గడ్డలు వస్తుంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. పిల్లల మూతి చుట్టూ, ముక్కు కింద పుళ్ళు వచ్చి తేనె రంగు పక్కులు కడుతుంటే అది ఇంపెటిగో, చాలా త్వరగా అంటుకుంటుంది, యాంటీబయాటిక్ కావాలి, మందు మొదలుపెట్టి 48 గంటలు గడిచేదాకానో పక్కులు ఆరేదాకానో బడికి పంపొద్దు.

కాలి మీద ఒక చోట చర్మం వేడెక్కి, బిగుసుకుని, నొప్పితో విస్తరిస్తుంటే దాని అంచు వెంట పెన్నుతో గీయండి. కొన్ని గంటల్లో గీత దాటితే అది చర్మం లోపలి ఇన్ఫెక్షన్, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, జ్వరం చలి తోడైతే ఇంకా త్వరగా.

నీటి పొక్కులు ఒంటికి ఒక వైపే, వీపు నుంచి ఛాతీ దాకా పట్టీలా, ముందు రెండు మూడు రోజులు మంటా పోటూ పెట్టి ఆ తర్వాత లేస్తే అది అక్కి. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్సే నరంలో దాక్కుని మళ్ళీ లేస్తుంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే నొప్పి, తీవ్రత తగ్గుతాయి, కాబట్టి పూతలతో రోజులు వృథా చేయొద్దు. నుదుటి మీదో కంటి పక్కనో ముక్కు కొన మీదో వస్తే కంటి డాక్టర్‌కి అదే రోజు చూపించాలి. ఆటలమ్మ ఉన్న పిల్లలకి జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే ఇవ్వండి, ఐబూప్రోఫెన్ వద్దు, ఆస్పిరిన్ అయితే 16 ఏళ్ళలోపు వాళ్ళకి అసలే ఇవ్వకూడదు. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఇతరులకి అంటుకుంటుంది.

మిగతావి గబగబా, చర్మానివి కానివి కూడా

పులిపిరి, ఆనెకాయ రెండూ అరికాల్లో ఒకేలా కనపడతాయి. నిలువుగా నొక్కితే నొప్పి ఎక్కువైతే ఆనె, రెండు పక్కల నుంచి వేళ్ళతో పిసికితే నొప్పి ఎక్కువైతే, మధ్యలో నల్లటి చుక్కలుంటే పులిపిరి. సాలిసిలిక్ యాసిడ్ రోజూ రాస్తూ పన్నెండు వారాలదాకా ఓపిక పట్టాలి, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం పాదాల మీద సొంతంగా వాడొద్దు. చుండ్రుకి కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండు సార్లు, తలకి పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి కడగాలి, ఆగకుండా కడిగేస్తే మామూలు షాంపూకీ దానికీ తేడా ఉండదు. మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంతో మొదలుపెట్టండి, రాత్రి పూట, పల్చగా, మొహమంతా. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, రంగు దిండు గలీబులు తెల్లబడతాయి, ముందే చెప్తున్నాను.

నోటిపూత వారం రెండు వారాల్లో మానుతుంది, మూడు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, చూపించండి. కళ్ళకలకకి చేతులు కడుక్కోవడం, వేరే తువ్వాలు, చల్లటి నీళ్ళతో తుడవడం చాలు, కాంటాక్ట్ లెన్సులు మానేయాలి, చూపు మసకబారినా, నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా మాత్రం ఆగొద్దు. ఎవరో వాడి మిగిల్చిన చుక్కల మందు కంట్లో వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు, చీమిడి పచ్చగా మారినా అంతే. వారం పది రోజుల్లో పోతుంది, దగ్గు మాత్రం మూడు వారాలు లాగొచ్చు. జ్వరానికి పెద్దవాళ్ళు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము దాకా, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకుండా వేసుకోవచ్చు, లివర్ జబ్బున్నవాళ్ళు, బరువు బాగా తక్కువున్నవాళ్ళు డాక్టర్‌ని అడగాలి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిపి ఉంటుంది, రెండూ కలిపి మింగేసి మోతాదు దాటించేవాళ్ళు కోకొల్లలు. మూడు నెలల్లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే ఇంట్లో వైద్యం వద్దు, నేరుగా ఆసుపత్రికే.

విరేచనాలకి ఓఆర్ఎస్. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళని రాసుందో అన్నే కలపాలి, ఒక లీటరుదైతే మొత్తం ఒక్కసారే ఒక లీటరులో, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు తలకొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. వాంతులవుతుంటే ఒక్కో చెంచా తాగించండి. మలంలో రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం, పిల్లలు నీరసించి మగతగా ఉండటం, ఇవి కనపడితే బయల్దేరాలి.

కాలితే చల్లటి కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టండి, 20 అంటే 20, గడియారం చూసుకుని. ఐసు, టూత్‌పేస్టు, వెన్న ఏవీ వద్దు. వాచే లోపే ఉంగరాలు, గాజులు తీసేయండి. బొబ్బ పగలగొట్టొద్దు. అరచేయంత కంటే పెద్దదైనా, మొహం, చేతులు, జననాంగాల మీదైనా, కరెంటు వల్లో రసాయనాల వల్లో అయినా ఆసుపత్రి తప్పదు.

చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు

జ్వరంతో పాటు ఒంటి మీద మచ్చలొస్తే ఒక గాజు గ్లాసు పక్కని వాటి మీద నొక్కి చూడండి, నొక్కినా గ్లాసులోంచి మచ్చ అలాగే కనపడుతుంటే అప్పాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. పుట్టుమచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు చెదిరినా, రంగులు కలగాపులగంగా ఉన్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, అన్నిటికంటే ముఖ్యంగా మారుతూ ఉన్నా, త్వరగా చూపించండి. నల్లటి చర్మం ఉన్నవాళ్ళు అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద కూడా చూసుకోవాలి.

మిగతా సందర్భాల్లో, వెళ్ళే రోజు పొద్దున ఆ చోట ఏమీ రాయకండి, పౌడరు కూడా వద్దు. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి, "తెల్ల ట్యూబు, ఎర్ర మూత" అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. ఫంగస్సో కాదో తేలకపోతే బ్లేడు అంచుతో కొంచెం పొట్టు గీరి మైక్రోస్కోపు కింద చూస్తారు, నొప్పి ఉండదు. మొదటి రోజు తీసిన ఫోటో చూపించడం, ఇంట్లో ఇంకెవరికి దురద ఉందో చెప్పడం, స్టెరాయిడ్ రాసి ఉంటే దాచకుండా ఎన్ని రోజులు రాశారో చెప్పడం, ఈ మూడూ లోపలికి వెళ్ళిన మొదటి నిమిషంలోనే అయిపోవాలి.